మంద వెంట కుక్క, కుక్క పేగులో పురుగు

1968లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అనే వైద్య పత్రికలో కర్నూలు పేరుతో ఒక వ్యాసం అచ్చయింది. రాసినవారు డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు. కర్నూలులో హైడాటిడ్ వ్యాధి ఎలా వ్యాపిస్తున్నదన్నది అందులో విషయం. కర్నూలు వైద్య కళాశాల మొదలైంది 1956లో. కళాశాల పుట్టి పన్నెండేళ్ళు నిండేసరికి ఈ జబ్బు మన ఊరి పేరు తగిలించుకుని పత్రికకెక్కింది. ఆ తరవాత మన దేశంలో హైడాటిడ్ గురించి ఎవరు రాసినా ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లు ముందు వరసలో చెప్పడం మామూలైపోయింది. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఆ జబ్బు మన మధ్యే ఉంది. కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో పనిచేసే శస్త్రవైద్యులకు అది కొత్త కాదు.

ఈవేళ ఆ జబ్బు గురించి, ముఖ్యంగా దాన్ని కలిగించే పురుగులో ఉన్న రకాల గురించి మాట్లాడతాను. పురుగు ఏ రకమైతే మనకేం, జబ్బు జబ్బే కదా అని మీకు అనిపించవచ్చు. ఏ పశువును ముందు కాపాడుకోవాలి, కుక్కకు ఎన్ని వారాలకు ఒకసారి మందు వెయ్యాలి అన్న ప్రశ్నలకు జవాబు ఆ రకాల దగ్గరే ఉంది. అందుకే ఈ ప్రసంగం.

ముందు జబ్బు సంగతి. మనిషి కార్జంలో నీళ్ళతో నిండిన తిత్తి ఒకటి మొదలై ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది. నూటికి డెబ్బై మందిలో అది కార్జంలోనే. ఇరవై మందిలో ఊపిరితిత్తుల్లో. మిగిలినవాళ్ళకు మెదడు, ఎముక, మూత్రపిండం, ఎక్కడైనా కావచ్చు. అయిదేళ్ళు, పదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఏ బాధా ఉండదు. చిన్నప్పుడు అంటుకున్నది పెళ్ళై పిల్లలు పుట్టాక బయటపడుతుంది. కుడిపక్క డొక్కలో బరువు, ఆకలి మందగించడం, లేకపోతే తెగని దగ్గు. దగ్గు చూసి క్షయ అనుకుని తిరిగేవాళ్ళూ ఉంటారు. కడుపు స్కానింగ్‌లో తిత్తి చక్కగా కనిపిస్తుంది. అది లోపల పగిలితే మాత్రం ప్రమాదం. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, రక్తపోటు పడిపోయి, ప్రాణం మీదికి రావచ్చు. పగిలిన తిత్తిలోని నీరు చిందిన చోటల్లా కొత్త తిత్తులు మొలవచ్చు. అందుకే డొక్కలో గడ్డ ఉందని నాటువైద్యుల దగ్గర సూది గుచ్చించుకోవద్దు. తిత్తి ఏ దశలో ఉందో స్కానింగ్‌లో చూసి, ఆల్బెండజోల్ మాత్రలతో సరిపోతుందా, సూదితో నీరు తీసి మందు నింపే పద్ధతి పనికొస్తుందా, ఆపరేషనే చెయ్యాలా, లేక కదిలించకుండా గమనిస్తూ ఉండాలా అన్నది డాక్టర్లు తేల్చాలి.

ఇక పురుగు. దాని పేరు ఎకైనోకాకస్. బద్దెపురుగుల జాతిదే గానీ గజాల పొడుగు ఉండదు. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు, అంతే. ఒక తల, దాని వెనక మూడు నాలుగు కణుపులు. అది కాపురముండేది కుక్క చిన్నపేగులో. ఒక్క కుక్కలో వేలకొద్దీ ఉండవచ్చు. కుక్క బక్కచిక్కదు, మొరగడం మానదు, చూస్తే ఏ అనుమానమూ రాదు. చివరి కణుపు గుడ్లతో నిండి, తెగి, మలంతో బయటపడుతుంది. ఆ గుడ్లు పచ్చిక మీద పడితే గొర్రె మేస్తుంది, చెరువులో పడితే గేదె తాగుతుంది, ఆకుకూరల మడిలో పడితే మన వంటింటికి వస్తాయి. కుక్క తన ఒళ్ళు తాను నాక్కుంటుంది కాబట్టి దాని బొచ్చుకూ అంటుకుని ఉంటాయి. పిల్లవాడు కుక్క మెడ నిమిరి, ఆ చేత్తోనే బొరుగులు తింటే చాలు.

గుడ్డు మింగిన గొర్రెలో గానీ గేదెలో గానీ మనిషిలో గానీ తిత్తి పుడుతుంది. తిత్తి లోపల పురుగు తలలు వేలల్లో తయారై ఎదురుచూస్తుంటాయి. దేనికోసం? కుక్క నోటికోసం. తిత్తి ఉన్న కార్జాన్ని కుక్క తింటే ఆ తలలన్నీ దాని పేగులో నాటుకుని మళ్ళీ పురుగులవుతాయి.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటి చెప్పాలి. తిత్తి ఉన్న మాంసం తింటే మనకు ఈ జబ్బు రాదు. కుక్క తింటే, ఆ కుక్క నుంచి వస్తుంది. కాబట్టి మాంసం ముట్టని ఇళ్ళలోనూ ఈ జబ్బు వస్తుంది. మా ఇంట్లో గుడ్డు కూడా వండం, మాకెలా వచ్చిందని రోగులు బాధపడితే అందులో ఆశ్చర్యం లేదు. ఊరి కుక్క తిరగని ఇల్లు లేదు, చెరువు నీళ్ళు తగలని కూర లేదు.

మన రాయలసీమలో ఈ గొలుసుకు కావలసినవన్నీ ఉన్నాయి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు కోటీ డెబ్బై ఆరు లక్షలు. తెలంగాణ తరవాత దేశంలో రెండో స్థానం మనదే. పత్తికొండ, ఆలూరు, డోన్ చుట్టుపక్కల మెట్టనేలల్లో, కడప జిల్లాలో పులివెందుల, జమ్మలమడుగు వైపు కురుబలు, గొల్లలు తరతరాలుగా మందలతో బతుకుతున్నారు. కోతలైపోయిన చేలల్లో ఎరువుకోసం మంద కట్టిస్తారు. మంద ఎక్కడ పడుకుంటే కుక్క అక్కడ. దారిలో గొర్రె చస్తే మోసుకుపోయే ఓపిక ఎవరికుంటుంది? తోలు ఒలుచుకుని మిగతాది అక్కడే వదిలేస్తారు, కుక్కలు చూసుకుంటాయి. ఊళ్ళో దేవర, అంటే గ్రామదేవత జాతర, జరిగితే వీధివీధినా పొట్టేళ్ళు తెగుతాయి. మామూలు రోజుల్లో కూడా చాలా ఊళ్ళలో కబేళా ఉండదు. కొట్టు ముందే కోస్తారు. తిత్తులు పట్టిన కార్జం గిరాకీకి పనికిరాదు. కొట్టతను దాన్ని కోసి పక్కకు విసురుతాడు. కొట్టు చుట్టూ కుక్కలు ఊరికే కూర్చోవు కదా. ఆ మనిషి చెడ్డవాడై ఆ పని చెయ్యడం లేదు. ఆ ముక్క ఎక్కడ పారెయ్యాలో అతనికి ఎవరూ చెప్పలేదు, పారెయ్యడానికి ఒక గుంత కూడా ఎవరూ తవ్వి ఇవ్వలేదు.

మన ఎండలు ఈ పురుగు గుడ్లను చంపవా అని అడగవచ్చు. చంపుతాయి. తేమ లేని వేడినేల మీద అవి ఎక్కువ రోజులు బతకలేవు. కానీ నీళ్ళ తొట్టి కింద, చెరువుగట్టు నీడన, తడి ఆరని మడిలో, చలికాలంలో, నెలల తరబడి బతుకుతాయి. కరువు రోజుల్లో మనుషులు, మందలు, కుక్కలు అన్నీ చేరేది ఉన్న ఒకటి రెండు నీటి చోట్లకే. మెట్టసీమ ఎండ మనకు సగమే కాపలా.

ఇంతసేపూ పురుగు, పురుగు అని ఒక్కటే అయినట్టు మాట్లాడాను. ఇక్కడి నుంచి ఆ మాట సరిపోదు.

1992లో బౌల్స్, బ్లెయిర్, మెక్‌మేనస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో ఒక పని చేశారు. వేర్వేరు దేశాల నుంచి, వేర్వేరు పశువుల నుంచి తీసిన తిత్తుల్లో పురుగు డి.ఎన్.ఏ.లోని ఒక చిన్న భాగాన్ని, 366 అక్షరాల పొడుగున్న భాగాన్ని, వరసగా చదివి పోల్చారు. పైకి ఒకేలా ఉన్న పురుగుల్లో ఆ అక్షరాలు ఒకేలా లేవు. తేడాలను బట్టి వాటికి జి1, జి2, జి3 అని వరస పేర్లు పెట్టారు. ఆ వరస తరవాత జి10 దాకా పెరిగింది. జి1 గొర్రెది, జి3 గేదెది, జి4 గుర్రానిది, జి5 ఆవుది, జి6 ఒంటెది, జి7 పందిది అని తొలినాళ్ళలో చెప్పుకున్నారు. రెండు మందలు దారిలో కలిసిపోతే కాపరులు చెవికోత చూసి ఏ గొర్రె ఎవరిదో తేల్చినట్టు, రోగి కార్జం నుంచి తీసిన తిత్తి ఏ పశువుల గొలుసులోంచి వచ్చిందో ఆ అక్షరాలు చూసి చెప్పవచ్చు.

కాలం గడిచేకొద్దీ ఇవి కేవలం రకాలు కావు, కొన్ని వేరే జాతులేనని తేలింది. జి4ను, జి5ను విడి జాతులుగా లెక్కకట్టారు. జి5కి ఎకైనోకాకస్ ఆర్ట్‌లెప్పి అని పేరు. జి1, జి3 మాత్రం ఒకే జాతిలో ఉన్నాయి, దాన్నే అసలైన ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అంటున్నారు. జి2ను ఇప్పుడు విడిగా లెక్కపెట్టడం లేదు, అది జి3లోనే ఒక చిన్న తేడా. ఎస్టోనియా దేశపు టార్టు విశ్వవిద్యాలయం వాళ్ళు 366 అక్షరాలతో ఆగకుండా పురుగు మైటోకాండ్రియాలోని పదకొండు వేలకు పైగా అక్షరాలను చదివి, జి1 వేర్లు మధ్యప్రాచ్యంలో ఉన్నాయని, పెంపుడు పశువుల వెంట అది ప్రపంచమంతా పాకిందని 2018లో చెప్పారు. మనిషి గొర్రెను మచ్చిక చేసుకున్న రోజు నుంచీ ఈ పురుగు వెంట నడుస్తోందన్నమాట.

ఈ తేడాలు ఇన్నాళ్ళు కలిసిపోకుండా ఎలా నిలిచాయన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. ఈ పురుగులో ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి. తనతో తానే జతకట్టి గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్డు నుంచి వచ్చిన తిత్తిలో తలలు జత లేకుండానే వేలల్లో మొలుస్తాయి, అన్నీ అచ్చంగా ఒకే నకలు. ఆ తిత్తిని తిన్న కుక్క పేగులో ఉన్న పురుగులన్నీ ఒకే తల్లి నకళ్ళు. ఇలా తరాలు గడిచినా రక్తం పెద్దగా కలవదు. ఎప్పుడో ఒకసారి ఒకే కుక్క రెండు వేర్వేరు పశువుల కార్జాలు తిన్నప్పుడు రెండు రకాలు ఒకే పేగులో కలుసుకుంటాయి, కలిసిపోవడానికి అవకాశం అప్పుడే. గొర్రె, గేదె, ఆవు, మేక అన్నీ ఒకే వీధిలో పెరిగి, ఒకే కుక్క అన్నింటి మిగులూ తినే మన ఊళ్ళలాంటి చోట అటువంటి అవకాశం ఎక్కువ.

మన దేశంలో ఏయే రకాలు దొరికాయో చూద్దాం. పశ్చిమ భారతంలో మాంసం కోసం కోసిన పశువుల తిత్తులను పరీక్షించి 2009లో ప్రచురించిన పరిశోధనలో సగానికి మించి జి3 వచ్చింది. తరవాతి స్థానం జి5ది, సుమారు అయిదో వంతు. గొర్రె రకమని పేరుపడ్డ జి1 ఆ తరవాతే. చండీగఢ్ పీజీఐ పరిశోధకులు ఉత్తర భారత రోగుల తిత్తులను చదివి 2013లో ప్రచురించారు. మనుషుల్లో కూడా ఎక్కువ జి3, జి1. అరుదుగా జి5, జి6 కనిపించాయి. ప్రపంచం మొత్తం మీద రకం తేల్చిన మనుషుల కేసుల్లో నూటికి 88 దాకా జి1, జి3 ఉన్న ఆ ఒక్క జాతి వల్లే వచ్చాయి.

దీనివల్ల మనకు తెలియవలసింది ఏమిటి? పుస్తకాల్లో ఈ వ్యాధిని అదుపుచేసిన దేశాల కథలన్నీ గొర్రె, కుక్క కథలే. ఐస్‌లాండ్‌ను తీసుకోండి. 1863లో హరాల్డ్ క్రాబ్బే అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్ళి 100 కుక్కలను పరీక్షిస్తే 28 కుక్కల్లో ఈ పురుగు ఉంది. మనుషుల్లో ఆ జబ్బు ఇంటింటి జబ్బు. ఆయన ఐస్‌లాండ్ భాషలో చిన్న పుస్తకం రాశాడు. 1864లో దాన్ని ప్రతి ఇంటికీ ఉచితంగా పంచారు. తిత్తిని కాల్చండి, పాతిపెట్టండి, కుక్కకు వెయ్యకండి అన్నదే అందులో సారం. తరవాత కుక్కల మీద చట్టాలు వచ్చాయి. ఆధునిక మందులేవీ లేని రోజుల్లో, ముఖ్యంగా చదువరులైన ఇల్లాళ్ళు, రైతులు ఆ మాట పాటించడం వల్ల ఆ దేశం ఈ జబ్బును వదిలించుకుంది. న్యూజిలాండ్ 1959లో చట్టం చేసి, కుక్కలకు క్రమం తప్పకుండా మందు వేసి, పచ్చి కార్జం కుక్కలకు వెయ్యడం నిషేధించి, 2002లో దాదాపు విముక్తి ప్రకటించుకుంది.

ఆ కథల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. కానీ వాళ్ళ లెక్క యథాతథంగా తెచ్చుకుంటే మనకు చాలదు. వాళ్ళది ప్రధానంగా గొర్రె గొలుసు. జి1 గొర్రెలో పెట్టిన తిత్తిలో పురుగు తలలు పుష్కలంగా ఉంటాయి. అదే జి1 ఆవులో చేరితే తిత్తి చాలామటుకు గొడ్డు తిత్తే, అందులో తలలు ఉండవు, కుక్క తిన్నా ఏమీ కాదు. జి5 అలా కాదు, ఆవులోనే పండుతుంది. జి3 మన దేశపు గేదెల్లో సారవంతమైన తిత్తులు పెడుతోంది, గొర్రెలోనూ మేకలోనూ కనిపిస్తోంది. అంటే గొర్రెల మందలను మాత్రమే పట్టుకుని, గేదెలు, ఆవులు కోసే చోట కుక్కలను స్వేచ్ఛగా వదిలేస్తే ఒక తలుపు మూసి మరొకటి తెరిచి ఉంచినట్టే. 1990లలో మెల్‌బోర్న్‌లో మార్షల్ లైటౌలర్స్ బృందం తయారుచేసిన ఈజీ95 అనే టీకా గొర్రెల్లో తిత్తులను 95 శాతానికి మించి ఆపింది. మంచి టీకా. గేదెలకు, ఆవులకు ఏం చెయ్యాలన్న ప్రశ్న మన పశుసంవర్ధక శాఖ దాంతో పాటే వేసుకోవాలి.

వారాల లెక్క కూడా రకాన్ని బట్టి మారుతుంది. జి1 పురుగు కుక్క పేగులో చేరి గుడ్లు పెట్టడానికి ఆరేడు వారాలు పడుతుంది. అందుకే ఆరు వారాలకు ఒకసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేస్తే గుడ్లు బయటపడకముందే పురుగు చస్తుందని లెక్క. జి5 సుమారు అయిదు వారాలకే పండుతుంది. ఆవుల గొలుసు ఉన్న చోట ఆరు వారాల గడువు ఒక వారం ఆలస్యమే. కనీసం ఏడాదికి నాలుగుసార్లయినా కుక్కలకు మందు వెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మనం అక్కడి నుంచైనా మొదలుపెట్టాలి. మాత్ర పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. వేసిన రెండు రోజులు కుక్కను కట్టేసి, దాని మలాన్ని లోతుగా పాతిపెట్టాలి, లేదా కాల్చాలి.

ఇదంతా మన చేతనవుతుందా అనేవాళ్ళకు నారికురుపును గుర్తుచేస్తాను. రాయలసీమ దిగుడుబావుల్లో నీళ్ళు తాగిన మన తాతముత్తాతల కాళ్ళలోంచి ఆ పురుగును పుల్లకు చుట్టి లాగేవారు. దానికి టీకా లేదు, మందు లేదు. నీళ్ళు వడకట్టి తాగడం, బావులు మార్చడం, ఊరూరా చెప్పడం, ఇవే ఆయుధాలు. 2000 సంవత్సరంలో భారతదేశానికి నారికురుపు లేదని ధ్రువపత్రం వచ్చింది. హైడాటిడ్‌కు మందూ ఉంది, టీకా ఉంది, స్కానింగ్ ఉంది. లేనిది పట్టుదల.

చివరగా కొందరికి నా మనవి.

శస్త్రవైద్యులకు: మీరు తీసే ప్రతి తిత్తి పొరలోంచి చిన్న ముక్క ఒకటి ఫార్మలిన్‌లో కాకుండా 70 శాతం ఆల్కహాల్‌లో దాచండి. ఫార్మలిన్‌లో వేస్తే కణజాలం చూడవచ్చు గానీ డి.ఎన్.ఏ. పాడవుతుంది. ఒక చిన్న సీసా, దాని మీద రోగి ఊరు, ఇంట్లో ఉన్న పశువులు రాసిన చీటీ, అంతే కావలసింది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, కర్నూలులో, కడపలో వైద్య కళాశాలలున్నాయి. మనుషుల డాక్టర్లు, పశువుల డాక్టర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మన జిల్లాల్లో ఏ మండలంలో ఏ రకం తిరుగుతోందో పటం గీయవచ్చు. 1968లో ఈ పనికి పేరు తెచ్చింది కర్నూలే, తరవాతి అడుగూ ఇక్కడి నుంచే పడాలని నా కోరిక.

పంచాయతీలకు, పురపాలికలకు: మాంసం కొట్ల దగ్గర మూత ఉన్న లోతైన గుంత ఒకటి తవ్వించండి. దేవరకు పందిళ్ళు వేసేటప్పుడే గుంత కూడా తవ్వించండి. వీధి కుక్కలకు రేబిస్ టీకా వేసే రోజునే ప్రాజిక్వాంటెల్ మాత్ర కూడా వెయ్యండి. కుక్క చేతికి చిక్కేది ఆ ఒక్క రోజే.

మంద కాచే అన్నలకు, అక్కలకు: మీ కుక్క మీకు ప్రాణమని తెలుసు. చచ్చిన గొర్రెను దానికి వదలకండి. పాతిపెట్టడం కుదరకపోతే కార్జం, ఊపిరితిత్తులు విడిగా తీసి అరగంట సేపు బాగా మరిగించి వెయ్యండి, తిత్తిలోని పురుగు తలలు చస్తాయి. కుక్కకు మాత్ర ఎంత వెయ్యాలో దగ్గరలోని పశువైద్యశాలలో అడగండి, బరువును బట్టి చెబుతారు. కుక్కను తాకిన చేతులు సబ్బుతో కడుక్కుని అన్నానికి కూర్చోండి, పిల్లలకు అలవాటు చెయ్యండి. ఆకుకూరలు రెండు మూడు నీళ్ళల్లో కడగండి.

మిగతా శ్రోతలందరికీ ఒకే మాట. ఈ ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడినప్పుడు కార్జం మీద తెల్లటి నీటి తిత్తి కనిపిస్తే, దాన్ని కుక్కకు విసరనివ్వకండి. ఎందుకో కొట్టతనికి చెప్పండి, పాతిపెట్టించి రండి.